తల్లీ అన్నందుకు

హేమలతను మనం ఏటి ఒడ్డున, చేతిలో విజిల్ పట్టుకుని కూర్చున్నచోట వదిలి వచ్చాం. ఊరి పెద్ద అప్పుడే కబురు పంపాడు. తెల్లారి ఇప్పచెట్టు కిందికి రావాలి, ఈ ఊరికి వచ్చిననాటి నుంచి ఎవరెవరిని ఏమని పిలిచిందో అందరి ముందూ ఒప్పజెప్పాలి.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం ఒక్క అడుగు వెనక్కి వేద్దాం. హేమలత ఖమ్మం–భద్రాచలం బస్సులో కండక్టరు. భర్త పోయాక ఆయన ఉద్యోగమే ఆమెకు వచ్చింది. ఖానాపురం హవేలిలో కిరాయి ఇల్లు, తొమ్మిది చదువుతున్న కూతురు సోని, అంతే ఆమె సంసారం. పందొమ్మిది రోజుల కింద, పాల్వంచ దాటాక అడవిలో ఒక స్టేజీ దగ్గర బస్సు టైరు పేలింది. డ్రైవరు జాకీ పెడుతుంటే హేమలత చెట్ల చాటుకు వెళ్ళింది. ఎప్పుడు ఆ స్టేజీ వచ్చినా ఆమె తల దించుకుని టికెట్ మిషన్ వంక చూసుకునేది. ఆ రోజు మాత్రం దిగక తప్పలేదు. రెండు నిమిషాల్లో తిరిగి వచ్చేసరికి బస్సు లేదు. బస్సే కాదు, తారు రోడ్డు కూడా లేదు. రోడ్డు ఉండాల్సిన చోట నడుములోతు గడ్డి, మధ్యలో ఒక కాలిబాట. ఆ బాట వెంట నడిచి, ఎండిన ఏరు ఒకటి దాటి, ఈ ఊళ్ళో పడింది. వెనక్కి తిరిగి చూస్తే ఏరు ఒడ్డులు ఒరుసుకుని పారుతోంది.

ఈ ఊళ్ళో ఎవరికీ పేర్లు లేవు. వరసలే. ఒకరు ఇంకొకరిని అక్కా అంటే అది ఊరికే అన్న మాట కాదు. ఆ పిలుపుకు పలికితే చాలు, అన్నవాళ్ళు చెల్లెలైపోతారు, చచ్చేదాకా. వరస ఉన్నవాళ్ళ మధ్యనే నిప్పు, నీళ్ళు, కూడు చేతులు మారతాయి. వరస లేనివాళ్ళు గుమ్మం ముందు పడిపోయినా చెయ్యి పట్టి లేపేవాళ్ళు ఉండరు.

సోని ఫోనులో జపాను బొమ్మల కథలు చూసేది. ప్రతి కథలోనూ ఎవడో ఒకడు లారీ గుద్దుకుని వేరే లోకంలో కళ్ళు తెరుస్తాడు. "వాడు మొదట కత్తి కోసం దేవులాడతడు అనుకుంటున్నవా మమ్మీ? కాదు. ముందుగాల ఒక మనిషిని పట్టుకుంటడు. మనిషి దొరికితే అన్నీ దొరుకుతయి," అని చెప్పేది. "బువ్వ తినుకుంట చూడకే," అని హేమలత కసిరేది.

ఇక్కడ మాత్రం ఆ మాటే పనికొచ్చింది. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఆమె నోటికి ఒక అలవాటు పడింది. మొహం చూడగానే వరస తగిలించడం. జరుగు అన్నా, లోపలికి పో అక్కా, చిల్లర తియ్యి కాకా. మొదటి రోజు ఏటి దగ్గర ఒక ముసలామెను "పెద్దమ్మా, జర నీళ్ళు పొయ్యరాదే," అని అడిగింది. ఆ ఒక్క మాటకు నీళ్ళు దొరికాయి, ఇల్లు దొరికింది, చాప దొరికింది. ఆ తర్వాత ఆమె ఆగలేదు. బస్సు నింపినట్టు ఊరంతా చుట్టాలను నింపుకుంది.

ఇక ఈ వారం కథ.

పొద్దున పెద్దమ్మ, హేమలత ఇద్దరూ ఇప్పచెట్టు వైపు నడుస్తున్నారు. దారిలో ఏరు కనపడగానే హేమలత ఆగిపోయింది. రాత్రి దాకా గలగలమన్న ఏరు ఇంకిపోయింది. తడి ఇసుక మెరుస్తోంది. అవతలి ఒడ్డున గడ్డిలో కాలిబాట తెల్లగా కనిపిస్తోంది.

"ఇయ్యాలనే ఆ దినం," అంది పెద్దమ్మ. "వచ్చేటోళ్ళకు ఎప్పుడైన ఇంకుతది, పోయేటోళ్ళకు ఏడాదికి ఒక్కనాడే. పొద్దు గుట్ట ఎన్కకు పోయేదాంక దారి ఉంటది."

"మరి నేను పోవచ్చా పెద్దమ్మా?"

"పోవచ్చు. అమ్మ ఒడిబియ్యం పోసి సాగనంపితే పోవచ్చు. ఒడి ఖాళీగ దిగిన ఆడిదాన్ని ఏరు దాటనియ్యదు."

"అయితే నువ్వు పొయ్యి."

పెద్దమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆమె వంక చూసింది. "నేను పెద్దమ్మనే పిల్లా. అమ్మను గాదు. అందర్నీ ఏదో ఒక వరస పెట్టి పిలిచినవ్, ఆ ఒక్క పిలుపు నీ నోటికి రాకపాయె?"

హేమలత ఏటి వైపు తల తిప్పుకుంది. తన తల్లి పోయిన నాటి నుంచి అమ్మా అనే మాట ఆమె గొంతులో అడ్డం పడుతుంది. బస్సులో కూడా ఎవరినీ అలా పిలిచేది కాదు. ఒడిబియ్యం సంగతి అయితే అసలే మరిచిపోయింది. భర్త పోయాక ఆమె ఒళ్ళో గుప్పెడు బియ్యం పోసినవాళ్ళు లేరు. పోయకూడదట. ఇక్కడ అలాంటి అడ్డు లేదు. పోసే చెయ్యే లేదు.

"ఇప్పుడు నిన్ను అమ్మా అంటే?"

"ఒక మనిషికి ఒకటే పిలుపు. మార్చుకుందామంటే కుదరదు. ఇంకో మాట. చెట్టు కింద అడిగినదానికి అబద్ధం చెప్పకు. చెప్పిన నోటికి ఈ ఊళ్ళె ఒక్క వరస మిగలదు. నేను గూడ నీ మొహం చూడ."

ఇప్పచెట్టు కింద ఊరంతా కూర్చుని ఉంది. మధ్యలో నిప్పుల కుంపటి. దాని పక్కన ఊరి పెద్ద, బక్కపలచని మనిషి. హేమలత ఆయన్ను ఇంతవరకూ ఏమీ పిలవలేదు. ఎందుకో ఆయన్ను చూస్తే చెకింగ్ అధికారులు గుర్తొచ్చి నోరు పెగిలేది కాదు.

"పిలిచినోళ్ళు పిలవండి. పిలిపించుకున్నోళ్ళు లేవండి," అన్నాడు ఆయన.

మొదట ఒక బలమైన మనిషి లేచాడు. "కట్టెల మోపు జారుతుంటే ‘అన్నా, పైలం’ అన్నది."

"నిజమేనా?"

"అవ్," అంది హేమలత.

"అయితే చెల్లెలికి బాధ వస్తె నీ ఇంటి తలుపు తీసి ఉండాలె. అన్న కాలు విరిగితె చెల్లెలు పోయి వారం దినాలు వండి పెట్టాలె. కూసో."

తర్వాత ఒక నడివయసు ఆడమనిషి లేచింది. "నన్ను వదినే అన్నది. నా మొక్కజొన్న కంకులు ఒలిచి పెట్టింది."

"అవ్."

ఆమె పక్కనే ఆమె మొగుడు లేచాడు. పెదాలు బిగించుకున్నాడు గానీ నవ్వు ఆగడం లేదు. "నన్ను కాకా అన్నది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఊరంతా ఘొల్లుమంది. ఆలి వదినె, మొగుడు కాక! ఒక ముసలాయన చేతికర్ర జారిపోయేలా నవ్వాడు.

"ఏందే పిల్లా, ఇన్నేండ్ల కాపురం గందరగోళం చేసినవ్!" అంది ఆ వదినె. "ఇప్పుడు నేను ఈయనకు ఏమైతనో నువ్వే చెప్పాలె!"

"నేను నీకు కాక అయితె నా ఆలి నీకు చిన్నమ్మ గావాలె. లేకపోతె నేను నీకు అన్న గావాలె. ఏదన్న ఒకటి ఖాయం చెయ్యరాదు?" అన్నాడు మొగుడు.

బస్సులో ఇలాంటివి రోజుకు వంద. ముందు సీటులో పెళ్ళాన్ని అక్కా అనేది, వెనక మొగుణ్ణి తాతా అనేది. ఎవరూ పట్టించుకోలేదు. దిగి ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు.

"తప్పయింది. మా దగ్గర వయసు చూసి పిలుస్తం, ఎన్క ముందు చూడం," అంది.

"చూడకుంట పిలుస్తరా?" ఊరి పెద్ద నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మరి పిలిచినంక ఏం చేస్తరు?"

"ఏం చెయ్యం. దిగిపోతరు."

నవ్వులు ఆగిపోయాయి. వదినె అనిపించుకున్నామె మెల్లగా కూర్చుంది. పిలిచి దింపేయడం అనే సంగతి ఆ ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ వినలేదని హేమలతకు అప్పుడు తెలిసింది.

మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచారు. ఒక తమ్ముడు, ఒక అత్త, ఇద్దరు అక్కలు. ప్రతి పిలుపుకూ హేమలత అవ్ అంది. పిలుపులన్నీ, వాటి బాధ్యతలన్నీ తేలేసరికి పొద్దు వాలింది. అమ్మ మాత్రం లేదు. ఇంకో ఏడాది, అనుకుంది హేమలత. ఏడాదికి సోని పదో తరగతి పరీక్షలు కూడా అయిపోతాయి. అన్నం ఎవరు వండిపెడతారు? అసలు తల్లి బతికి ఉందనుకుంటుందా?

"ఇంకేమన్న మిగిలినయా?" అన్నాడు ఊరి పెద్ద.

"లెవ్వు," అంది హేమలత.

"ఉన్నది."

గొంతు వెనక నుంచి వచ్చింది. సన్నటి గొంతు. అందరూ తిరిగి చూశారు. గుంపుకు పది అడుగుల అవతల, బండరాయి మీద, గోనెపట్టా కప్పుకుని ఒక ఆడపిల్ల నిలబడి ఉంది. ఎనిమిదేళ్ళు ఉంటాయేమో.

హేమలత ఆ పిల్లను ఎరుగును. ఊరిలో ఎవరూ పిలవని పిల్ల ఆ ఒక్కతే. ఎక్కడి నుంచో వచ్చి పడిందట. వచ్చిన కొత్తలో కనపడిన ప్రతి ఆడమనిషినీ పట్టుకుని అమ్మా, అమ్మా అని ఏడ్చిందట. ఒక్కరూ పలకలేదు. పలికితే తల్లి అయిపోయినట్టే. పలకకపోతే ఆ పిల్లకు ఇంకో వరస ఇవ్వడానికీ లేదు, ఆమె అప్పటికే పిలిచేసింది గనక. అప్పటి నుంచి ఆ పిల్ల ఎవరినీ పిలవడం మానేసింది. మిగిలిన జొన్న గటక ఎవరో ఆ బండ మీద పెట్టి వెళతారు. చేతికి ఇవ్వరు.

"నన్ను పిలిచింది," అంది పిల్ల.

"ఏమని?"

"నా కాలికి ముల్లు గుచ్చుకుంటె తీసింది. ‘ఏడ్వకు తల్లీ, అయిపాయె’ అన్నది."

పెద్దమ్మ హేమలత చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అన్నవా?" అంది గుసగుసగా.

"అది... అది పిలుపు గాదు పెద్దమ్మా. ముద్దు. మా దిక్కు చిన్న పిల్లలను గట్లనే అంటం. ఆడపిల్లనైతె తల్లీ అని, మగపిల్లగాన్నైతె నాయనా అని."

"చిన్న పిల్లను పట్టుకొని తల్లీ అంటరా?" ఊరి పెద్ద లేచి నిలబడ్డాడు. "ఎందుకు?"

ఎందుకో హేమలతకు తెలియదు. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట. ఎవరూ ఎందుకని అడగలేదు. సోనిని కూడా అట్లాగే పిలిచేది. లే తల్లీ, స్కూలుకు టైం అయింది.

"అన్నవా, అన్లేదా? అది ఒక్కటి చెప్పు."

"అవ్," అంది హేమలత. "అన్న."

ఊరి పెద్ద రెండు చేతులూ జోడించాడు, కానీ హేమలతకు కాదు, బండ మీద ఉన్న పిల్లకు. "రా. నీ బిడ్డ పక్కన కూసో."

నిన్నటిదాకా ఆ పిల్ల నీడ తగలకుండా పక్కకు జరిగినవాళ్ళు ఇప్పుడు దారి ఇచ్చి నిలబడ్డారు. ఒకామె పీట తెచ్చి వేసింది. పెద్దమ్మ తన భుజం మీది కొత్త కండువా తీసి పిల్ల చేతికిచ్చింది. అవును, చేతికే ఇచ్చింది. "నా బిడ్డకు అమ్మవైతివి. నాకు చెల్లెవైతివి," అంది డెబ్బై ఏళ్ళ ముసలామె, ఎనిమిదేళ్ళ పిల్లతో. ఎవరూ నవ్వలేదు.

పిల్ల పీట మీద కూర్చుంది. కాళ్ళు నేలకు అందలేదు. హేమలతను తల నుంచి పాదాల దాకా చూసింది. "బువ్వ తిన్నవా?" అని అడిగింది.

హేమలతకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మాట ఆమెను ఎవరూ అడిగి చాలా ఏళ్ళయింది.

అప్పుడు గాని ఆమెకు అసలు సంగతి తట్టలేదు. అమ్మ ఉంది. ఒడిబియ్యం పోసే చెయ్యి ఉంది. పొద్దు ఇంకా గుట్ట నెత్తి మీదనే ఉంది. సోని ఏటికి అవతల ఉంది.

ఊరి పెద్దకూ అదే తట్టింది. పిల్ల వైపు తిరిగాడు. "నీ బిడ్డ ఏరు దాటి పోత అంటున్నది. సాగనంపుతవా? నీ ఇష్టం. నువ్వు పంపితె పోతది. పంపకుంటె ఉంటది. ఒక్కటి మాత్రం ముందుగాలనే చెప్పాలె. బిడ్డ పోతె నువ్వు మళ్ళ ఎవరికీ ఏం గావు. పీట తీసేస్తం."

పిల్ల ఆలోచించలేదు. "బియ్యం తెండి," అంది.

హేమలత ఆ పిల్ల వంకే చూసింది. ఇంత తేలికగా పంపుతుందా? పంపితే ఆ పిల్ల మళ్ళీ బండ మీదికే. తనతో తీసుకుపోతే? చెయ్యి పట్టుకుని ఏరు దాటిస్తే? తల్లి బిడ్డ వెంట పోకూడదని ఎవరూ చెప్పలేదు కదా! ఆ ఆలోచన రాగానే పట్టలేని సంతోషం కలిగింది. సోనికి చెల్లెలు అవుతుంది. స్కూల్లో వేస్తుంది.

పెద్దమ్మ బియ్యం చాట తెచ్చి కుంపటికి అవతల పెట్టింది. పిల్ల పీట దిగి అటు తిరిగింది. కొత్త కండువా కప్పుకోవడానికి పాత గోనెపట్టా తీసి కింద పడేసింది. లోపల ఏ రంగో తెలియకుండా మాసిపోయిన గౌను. దాని వీపున, మెడ నుంచి నడుం దాకా, తుప్పు పట్టిన జిప్పు.

హేమలత చూపు ఆ జిప్పు మీద ఆగిపోయింది.

ఈ ఊళ్ళో బట్టలు చుట్టుకుంటారు, ముడి వేసుకుంటారు. జిప్పు అంటే ఏమిటో కూడా ఎవరికీ తెలియదు. ఆ గౌను ఈ లోకంలో కుట్టింది కాదు.

"ఒడి పట్టు," అంది పిల్ల, గుప్పిట నిండా బియ్యంతో తిరిగి వచ్చి.

హేమలత మోకాళ్ళ మీద కూర్చుని కొంగు చాపింది. పిల్ల పిడికిలి ఒడి మీదికి వచ్చింది. కానీ తెరుచుకోలేదు.

"ముల్లు తీసిననాడు నన్ను తల్లీ అన్నవ్ గదా," అంది పిల్ల. "అది రెండోసారి."

"రెండోసారా? అంతకుముందు నేను నిన్ను ఎప్పుడు చూసిన తల్లీ?" మాట మళ్ళీ జారింది.

"చూసినవ్. వానల."

పిల్ల ఎడమ చెయ్యి పైకెత్తింది, నెత్తి మీద ఏదో కమ్మీ ఉన్నట్టు దాన్ని పట్టుకుంది. ఒళ్ళు కొద్దిగా అటూ ఇటూ ఊపింది. పెదాలు ముడిచి రెండుసార్లు ఈల వేసింది. ఆ తర్వాత ఆ చిన్న నోట్లోంచి వచ్చిన గొంతు పిల్ల గొంతు కాదు. విసుగూ తొందరా కలిసిన, అరిచి అరిచి బొంగురుపోయిన ఆడమనిషి గొంతు. హేమలత గొంతు.

"దిగు తల్లీ, జల్దీ దిగు. మీవోళ్ళు దిగిన్రు. ఊఁ, రైట్ రైట్."

ఈ ఊరికి వచ్చిన పందొమ్మిది రోజుల్లో ఆమె ఆ మాట ఒక్కసారీ అనలేదు.

కిటికీ పక్కన నిద్రపోతున్న పిల్ల కళ్ళ ముందు నిలబడింది. రెండేళ్ళ కింద, జోరు వాన. కిక్కిరిసిన బస్సు. ఆ సీటులోని వాళ్ళందరూ అడవి స్టేజీలో బిరబిరా దిగిపోయారు. పిల్ల వాళ్ళదేనని అనుకుంది. భుజం పట్టి లేపి, మెట్ల దాకా నడిపించి దింపింది. విజిల్ వేసింది. ఇంకో అరగంటకు వెనక నిలబడిన మనుషుల్లోంచి ఒక తల్లి కేక వేసింది. బస్సు వెనక్కి తిప్పారు. స్టేజీలో ఎవరూ లేరు. వాన మాత్రం ఉంది.

పోలీసులు అడిగారు. అధికారులు అడిగారు. ఆ తల్లి కాళ్ళు పట్టుకుని అడిగింది. ముగ్గురికీ హేమలత ఒకటే మాట చెప్పింది. పిల్ల ఎక్కడ దిగిందో నేను చూడలేదు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే సోని గతి ఏమిటి? అంతే అనుకుంది.

"రైట్ రైట్," అన్నాడు ఊరి పెద్ద, కొత్త మాటను నాలుక మీద తిప్పి చూసుకుంటూ. "అది ఏం వరస? ఎవరిని అట్ల పిలుస్తరు?"

హేమలత చాచిన కొంగు ఒకవైపు జారిపోయింది. పెద్దమ్మ ఆమె మొహంలోకే చూస్తోంది. ఊరంతా చూస్తోంది. పొద్దు గుట్ట అంచును తాకింది.

పిల్ల మాత్రం ఆ ప్రశ్న పట్టించుకోలేదు. బియ్యం పిడికిలి అట్లాగే బిగించి, ఒక అడుగు దగ్గరికి వచ్చింది. ఆమె గొంతులో కోపం లేదు. ఇన్నాళ్ళూ అడగడానికి మనిషి దొరకక దాచుకున్న సంగతిని నెమ్మదిగా అడిగింది.

"మా అమ్మ ఎన్క నిలబడి ఉండె. ఆమెను ఏ స్టేజీల దింపినవ్?"

హేమలత నోరు తెరిచింది.